ఉతికిన తాడు

పోయినవారం మీరు నన్ను మా క్వార్టర్స్ వరండాలో మోకాళ్ల మీద వదిలి వెళ్లారు. కుడిచేతిలో స్టీలు టేపు, ఎడమచేతిలో మామయ్య కొలతాడు. కర్టెన్లకి కొలత తీద్దామని టేపు తెచ్చి, పక్కనే, మామయ్య ఈమధ్య మైదానం నుంచి తెచ్చి మూలన పడేసిన తాడు కనిపిస్తే ఊరికే సరదాకి రెండూ పక్కపక్కన పరిచాను. ఆ తాడుకి కట్టిన ఎర్రగుడ్డ ముక్క సరిగ్గా పదకొండు మీటర్ల దగ్గర ఉండాలి. గోల్ గీత నుంచి పెనాల్టీ చుక్కకి అంతే దూరం. అది పది మీటర్ల అరవయ్యారు సెంటీమీటర్ల దగ్గరే ఆగిపోయింది. మూడుసార్లు పరిచాను. మూడుసార్లూ అంతే.

కొత్తగా చదువుతున్నవాళ్లకి రెండు ముక్కలు చెప్పాలి. మా ఆయన గోల్‌కీపరు. గ్యాలరీలో అందరూ ఆయన్ని ‘గోడ’ అంటారు. ఆయన నాన్న, అంటే మా మామయ్య, ముప్ఫై ఏళ్లుగా అదే క్లబ్బు మైదానాన్ని చూసుకునే మనిషి. గడ్డి పెంచేదీ ఆయనే, గీతలు గీసేదీ ఆయనే. దేశం మొత్తానికి పద్నాలుగు జట్లు ఆడే మొదటి డివిజన్ లీగులో, పదిహేడో మ్యాచ్‌కీ పద్దెనిమిదో మ్యాచ్‌కీ మధ్య దొరికిన తొమ్మిది రోజుల సెలవులో మా పెళ్లయింది. ఆ తర్వాత వరసగా నాలుగు మ్యాచ్‌ల్లో ఆయన ఒక్క గోలూ ఇవ్వలేదు. “కోడలు కాలుపెట్టిన వేళ!” అని టిక్కెట్లు చింపే ఆయన కూడా నన్ను చూసి నవ్వేవాడు. నేను పొంగిపోయి మర్నాడు ఆయనకి ఫ్లాస్కు నిండా టీ తీసుకెళ్లాను.

ఇరవయ్యారో మ్యాచ్ ఆఖరిది, మా మైదానంలోనే. డ్రా అయితే చాలు, మొదటి డివిజన్‌లో ఉండిపోతాం. ఎనభై ఎనిమిదో నిమిషంలో అవతలివాళ్లకి పెనాల్టీ ఇచ్చారు. ఆయన బంతి వెళ్లిన వైపే దూకారు. మధ్యవేలి కొస తగిలింది. తగిలి, స్తంభానికి లోపలివైపు రాసుకుని, బంతి వలలో పడింది. అరవై ఏళ్ల క్లబ్బు రెండో డివిజన్‌కి జారిపోయింది.

ఆ రోజు నుంచి నేటికి పదకొండు రోజులు.

ఈ పదకొండు రోజులూ ఆయన టీ గ్లాసు పట్టుకున్నప్పుడల్లా ఆ మధ్యవేలిని మడిచి పెట్టుకుంటున్నారు, తప్పు చేసినవాణ్ణి గది మూల నిలబెట్టినట్టు. ఈ పొద్దున తలుపు దగ్గర బూట్లు వేసుకుంటూ అన్నారు, “నా చెయ్యి నెమ్మదించింది నురుగూ. ఇరవై ఎనిమిదేళ్లకే. నెమ్మదించిన చెయ్యి గోల్లో ఉండకూడదు. పన్నెండింటికి సెక్రటరీ గదికి వెళ్లి, ఇక ఆడనని సంతకం పెట్టేస్తా.”

నురుగు అంటే నేనే. పెళ్లయిన రెండోరోజే వాషింగ్ మెషీన్ అద్దానికి ముఖం ఆనించి నురగ తిరగడం చూస్తూ నిలబడితే ఆయన పెట్టిన పేరు. ఉతకడమంటే నాకు పిచ్చి. మురికి నీళ్లలోంచి తెల్లటి చొక్కా పైకి లేచినప్పుడు కలిగే సంతోషం నాకు డిగ్రీ పట్టా అందుకున్న రోజు కూడా కలగలేదు. అలా ఇంట్లో దుప్పట్లయ్యాయి, కాళ్లు తుడుచుకునే పట్టాలయ్యాయి, ఆయన గ్లవ్స్ అయ్యాయి. ఉతకడానికి ఏమీ మిగలక, మామయ్యకి క్యారేజీ ఇవ్వడానికి మైదానం షెడ్డుకి వెళ్లినప్పుడు అక్కడ చెయ్యి పెట్టాను.

ఆఖరి మ్యాచ్‌కి మూడు రోజుల ముందు. మేకుకి వేలాడుతోంది ఆ కొలతాడు. నూలు తాడే, కానీ కాటుక డబ్బాలోంచి తీసినట్టు నల్లగా, జిడ్డుగా ఉంది. ఇంటికి పట్టుకొచ్చి సోడా వేసి సలసల కాగే నీళ్లలో నానబెట్టాను. నలుపంతా వదిలి నీళ్ల మీద తెట్టెలా తేలింది. ఎండలో ఆరేశాను. తాడు మల్లెపూవులా అయింది. మళ్లీ చెక్కకి చుట్టి, పైన చిన్న బొత్తాం ముడి కూడా వేసి మర్నాడు మామయ్య చేతికిచ్చాను.

“ఓహో,” అన్నారాయన. తాడుని బొటనవేలితో రాశారు. ఇంకోసారి రాశారు. “కొత్తదానిలా ఉందే తల్లీ.”

అంతే అన్నారు. ఆ మాట ఇవాళ్టిదాకా నాకొక బహుమానం.

ఆ రోజే అటువైపు గోల్ ముందు కొత్త గడ్డి పలకలు పరిచారు. మిగతా గీతలన్నీ పాతవాటి మీదే మళ్లీ రంగు వేస్తే సరిపోతుంది. పెనాల్టీ చుక్క మాత్రం కొత్త గడ్డి కిందికి పోయింది, దాన్ని మళ్లీ కొలవాలి. “రా అమ్మాయ్, ఆ చివర పట్టుకో,” అన్నారు మామయ్య. గోల్ గీత మీద మోకాళ్లు ఆనించి తాడు చివర రెండు చేతులతో నొక్కిపట్టుకున్నాను. ఆయన వెనక్కి నడుచుకుంటూ వెళ్లి, ఎర్రగుడ్డ ఆగినచోట కాలు పెట్టి, చుక్క పెట్టారు. దేశమంతా టీవీలో చూడబోయే మైదానంలో ఒక చుక్క నా చేతిమీదుగా పడింది! నేను చప్పట్లు కొట్టాను. ప్రాక్టీసు నుంచి వస్తున్న మా ఆయన, ఆటగాళ్లు మైదానంలోకి వచ్చే సొరంగం మెట్ల మీద ఆగి ఫోటో తీశారు. మోకాళ్ల మీద నేను, నోరంతా తెరిచిన నవ్వు, చేతిలో తెల్లటి తాడు. ఆయన ఫోన్ తెరిస్తే ఇప్పటికీ ఆ ఫోటోనే.

రిఫరీ మ్యాచ్‌కి ముందు వచ్చి చుక్క చూశాడు. తెల్లగా ఉందా లేదా అని చూశాడు.

ఇవాళ తాడుని సంచిలో కుక్కుకుని మైదానానికి వెళ్లేసరికి పదకొండున్నర. సీజన్ అయిపోయాక పైగడ్డి అంతా గీకేసి కొత్త విత్తనం వేస్తారు. గీకే యంత్రం వచ్చి నిలబడి ఉంది. కుర్చీలన్నీ ఖాళీ. నీళ్లు చిమ్మే గొట్టం ఒకటి ఎవరూ కట్టేయక తిరుగుతోంది, దాని చుట్టూ చిన్న ఇంద్రధనుస్సు కూడా ఉంది. వేరే రోజయితే దాని కింద చెయ్యి పెట్టి నిలబడేదాన్ని.

“పెద్దాయనా, మొదలెట్టమంటారా? నాకింకో మైదానం ఉంది,” అంటున్నాడు యంత్రం నడిపే అతను.

“ఆ గోల్ వైపు నుంచి మొదలెట్టు,” అన్నారు మామయ్య.

“ఎప్పుడూ ఇటునుంచేగా గీకేది?”

“ఈసారి అటునుంచి. నా మైదానం, నా ఇష్టం.”

“మీ మైదానమే లెండి, నాకెందుకు. చెప్పినచోట గొరిగేవాణ్ణి, తల మీద ఎటునుంచైనా ఒకటే.”

“మామయ్యా, ఆగమనండి!” పరుగెత్తాను.

ఆయన వెనక్కి తిరిగారు. “ఏమ్మా? క్యారేజీ పొద్దునే ఇచ్చావుగా.”

నేను సంచిలోంచి తాడు తీశాను. చెప్పాల్సింది రాత్రంతా వరసగా పేర్చుకున్నాను. నోటికి వచ్చింది మాత్రం ఒక్కటే.

“ఇది ముప్ఫైనాలుగు సెంటీమీటర్లు తగ్గింది మామయ్యా.”

ఆయన తాడు వంక చూడలేదు. యంత్రం వైపు తిరిగి, “ఒక్క పావుగంట ఆగు బాబూ. టీ తాగిరా,” అన్నారు. అతను గొణుక్కుంటూ వెళ్లేదాకా ఆగి, గ్యాలరీ కింది మెట్టు మీద కూర్చున్నారు.

“ఎప్పుడు కొలిచావు?”

“నిన్న మధ్యాహ్నం.”

“నేను మ్యాచ్ మర్నాడు పొద్దున్నే కొలిచాను,” అన్నారు.

పక్కనే చతికిలబడ్డాను.

“టీవీలో ఇరవైసార్లు చూపించారు కదమ్మా. అందరూ వాడి చెయ్యే చూశారు. నేనూ చూశాను. ఆరేళ్లప్పుడు ఇదే గోల్లో నిలబెట్టి బంతులు విసిరినవాణ్ణి, వాడి చెయ్యి నాకు తెలీదా? వాడు ఆలస్యంగా దూకలేదు. సరైన వైపు, సరైన క్షణానికి దూకాడు. మరి వాడి తప్పు కాకపోతే తప్పెక్కడుండాలి? బంతి పెట్టిన చోట ఉండాలి. వచ్చి టేపు పరిచాను.” తన వేలు ఎత్తి చూపారు. “ఒక వేలెడు తేడాకి పోయింది బంతి. చుక్క దాని చోట ఉంటే ఆ వేలెడూ వాడికి దొరికేది.”

“నేనే మామయ్యా... నేనే ఉతికాను...”

“ఉతకడమా? బంగాళాదుంపల్ని ఉడకబెట్టినట్టు ఉడకబెట్టావు.” నవ్వబోయారు, రాలేదు. “ఆ నలుపు మురికి కాదు తల్లీ. మైనం. తడి తగిలినా తాడు ముడుచుకోకుండా మీ అత్తయ్య ఉన్నన్నాళ్లూ ఏడాదికోసారి పట్టించేది. ఆమె పోయాక నేను పట్టిస్తున్నాను.”

నేను చూడని అత్తయ్య. గోడమీది ఫోటోలో తల పక్కకి తిప్పుకుని నవ్వే అత్తయ్య. ఆవిడ చేతి పనిని నేను సోడా వేసి వదలగొట్టాను. ఏడుపొచ్చేసింది.

“ఏడవకు. నీకు తెలీదు. తెలిసినవాణ్ణి నేను.” ఆయన ప్యాంటు జేబులోంచి పదిహేను మీటర్ల స్టీలు టేపు చుట్ట తీసి మెట్టు మీద పెట్టారు. “ఇది ఆ రోజు కూడా జేబులోనే ఉంది. నువ్వు తాడు చేతికిచ్చినప్పుడే మైనం పోయిందని నా వేలికి తెలిసింది. ఒకసారి టేపుతో సరిచూద్దామనుకున్నాను. చెయ్యి జేబుదాకా వెళ్లింది కూడా. తలెత్తితే, గోల్ గీత మీద నువ్వు, చిన్నపిల్లలా నవ్వుతూ, తాడుని ప్రాణంలా పట్టుకుని. ఇప్పుడు టేపు తీస్తే, మామయ్య నా పని నమ్మలేదని చిన్నబుచ్చుకుంటుందేమో అనుకున్నాను. ఎంత తగ్గుతుందిలే, బెత్తెడు కూడా ఉండదులే అనుకున్నాను. ముప్ఫై ఏళ్లలో గాలికి ఒరిగిన గీతని కూడా ఊరుకోనివాణ్ణి, ఆ ఒక్కరోజు ఊరుకున్నాను.”

నాకు ఆ రోజు కొట్టిన చప్పట్లు గుర్తొచ్చాయి. చేతులు సంచి కింద దాచుకున్నాను.

“మరి ఈ పదకొండు రోజులూ ఆయనకెందుకు చెప్పలేదు?”

“ఏమని చెప్పను? నీ చెయ్యి మంచిదేరా, నీ పెళ్లాం చెయ్యే మంచిది కాదు అని చెప్పనా?”

“అలాగే చెప్పండి! ఆయన అక్కడ సంతకం పెట్టేస్తున్నారు మామయ్యా. పన్నెండింటికి. తన చెయ్యి పనికిరాదనుకుని బతికినన్నాళ్లూ బతుకుతారా?”

“ఆటే కదమ్మా. ఇంకో పని చేసుకుని బతుకుతాడు. కానీ తెలిశాక, పొద్దున్నే నువ్వు టీ ఇస్తే, ఆ చేతిని చూసి వాడికి ఏం గుర్తొస్తుంది? క్లబ్బు పోయింది, ఇరవై మంది ఆటగాళ్ల బతుకు కిందికి పోయింది, గ్యాలరీలో ముసలాళ్లు ఏడ్చారు. అదంతా నీ మీద వేసుకుని మూడు నెలల కాపురం నిలబడుతుందా?” ఆయన గొంతు తగ్గింది. “గడ్డి గీకేస్తే చుక్క పోతుంది. తాడు నాకిచ్చెయ్. గడ్డితోపాటు కుప్పలో వేస్తాను. ఎప్పుడైనా ఎవరైనా అడిగితే ముసలాడికి చూపానలేదంటాను. ఇచ్చెయ్ తల్లీ.”

ఆయన తాడు చివర పట్టుకున్నారు. నేను వదల్లేదు. ఆ చివర ఆయన, ఈ చివర నేను, మళ్లీ. మధ్యలో తాడు తెల్లగా, పనికిమాలినంత తెల్లగా.

“ఏంటి, మామాకోడళ్లు తాడు లాగుడాట ఆడుతున్నారా?”

మా ఆయన. సొరంగం మెట్ల మీద. చంకలో గ్లవ్స్. నేను తాడు వదిలేశాను. మామయ్య దాన్ని గబగబా ఒళ్లో పోగేసుకున్నారు.

“సంతకం...” అన్నాను.

“ఎక్కడ, కాగితం ఇరుక్కుని ప్రింటరు మొరాయించింది. సెక్రటరీ దాన్ని అరచేత్తో బాదుతున్నాడు. కీపరు వెళ్లిపోతానన్నా ప్రింటరు వదలనంటోంది.” నవ్వుదామని చూశారు. కళ్లు మాత్రం గోల్ మీదే ఉన్నాయి. “అందాకా గోల్‌కి ఒకసారి చెప్పి వద్దామని వచ్చాను. నాన్నా, బంతుందా? ఒక్కటి తన్నించుకుని పోతా.”

“గడ్డి గీకేస్తున్నార్రా. టైము లేదు.”

“ఒక్కటే నాన్నా. గ్లవ్స్ ఇది ఉతికింది, సబ్బు వాసన వస్తున్నాయి. ఒక్కసారైనా మురికి చేసి దాచుకుంటా.”

తాడుని చంకలో నొక్కిపెట్టుకుని మామయ్య లేచి షెడ్డులోకి వెళ్లి బంతి తెచ్చి, ఎవరివంకా చూడకుండా నా చేతుల్లో పెట్టారు. తన్నడం ఆయనవల్ల కాదని ఆ చేతులు చెప్పాయి.

“నువ్వా తన్నేది?” మా ఆయన గోల్లోకి నడుస్తూ వెనక్కి కేకేశారు. “చెప్పులు విప్పు, లేకపోతే బంతి కంటే ముందు అవే వస్తాయి!”

చెప్పులు విప్పాను. గడ్డి చల్లగా ఉంది. అరికాలికి గడ్డి తగిలితే ఎప్పుడూ నవ్వొస్తుంది నాకు. అప్పుడు కూడా, ఆ ఏడుపులో కూడా, ఒక్క క్షణం పెదవి కదిలింది. సిగ్గేసింది.

పెనాల్టీ చుక్క ముందు నిలబడ్డాను. నేను పట్టుకున్న తాడు పెట్టిన చుక్క. కొంచెం వెలిసింది. అటు గోల్లో ఆయన రెండు చేతులూ చాచి, మోకాళ్లు వంచి, పదకొండు రోజుల్లో మొదటిసారి నిటారుగా ఉన్న మనిషిలా ఉన్నారు. ఆ మధ్యవేలు కూడా చాచే ఉంది.

ఆ వేలిని చూశాక నావల్ల కాలేదు. బంతిని చుక్క మీద పెట్టలేదు. చుక్కకి వెనక, జానా బెత్తెడు దూరంలో గడ్డి మీద పెట్టాను.

“ఓయ్ నురుగూ! చుక్క అక్కడుంది కదా! గోల్‌కీపరు పెళ్లానివై ఉండి బంతెక్కడ పెట్టాలో తెలీదా?” గట్టిగా నవ్వారు. పదకొండు రోజుల తర్వాత ఆ నవ్వు. ఇంకో రోజయితే దానికోసం నేను ఏమైనా ఇచ్చేదాన్ని.

“బంతి ఉండాల్సింది ఇక్కడేనండీ,” అన్నాను. “చుక్కే అక్కడ ఉండకూడదు.”

“అమ్మాయ్!” మామయ్య కేక.

నేను ఆగలేదు. మెట్టు మీద మామయ్య వదిలిన టేపు తెచ్చి మా ఆయన చేతికిచ్చాను. “కొలవండి.”

ఆయన నన్ను చూశారు. టేపుని చూశారు. మెట్ల మీద నిలబడిపోయిన వాళ్ల నాన్నని చూశారు. నవ్వు ముఖం మీద ఎటు పోవాలో తెలియక కాసేపు అలాగే ఉండి, మెల్లగా పోయింది. టేపు కొక్కెం లాగి చివర నాకిచ్చారు.

“పట్టుకో.”

మళ్లీ గోల్ గీత మీద మోకాళ్లు ఆనించాను. ఆయన వెనక్కి నడుస్తున్నారు. టేపు సన్నగా గరగరమంటూ విప్పుకుంటోంది. టీ తాగి వచ్చిన యంత్రం మనిషి దూరంగా ఇంజను వేశాడు. ఆయన చుక్క దగ్గర ఆగారు. వంగారు. అంకె చూశారు. బొటనవేలితో టేపుని నొక్కి, మళ్లీ చూశారు. తర్వాత గ్లవ్ విప్పి, తన మధ్యవేలిని తిప్పి తిప్పి చూసుకున్నారు. చాలాకాలానికి కనిపించిన మనిషిని చూసినట్టు చూసుకున్నారు. కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి ఇంకా సంతోషమే. ఇంకా మా ఇద్దరి దగ్గరికి రాలేదు ఆయన ఆలోచన.

“నాన్నా,” అన్నారు. “ఇది...”

“తప్పు నాదేరా!” మామయ్య దాదాపు పరుగెత్తుకొచ్చారు. చంకలోని తాడు జారి వెనకాలే గడ్డి మీద ఈడ్చుకుంటూ వస్తోంది, ఆయన చూసుకోలేదు. “చూపానక తప్పు కొలిచాను. మేకు పాతి, దానికి తాడు కట్టి, నేనొక్కణ్ణే కొలిచాను. కోడలికి ఏ సంబంధమూ లేదు. అది ఆ రోజు మైదానంలోకే రాలేదు.”

నా పేరు ఎవరూ ఎత్తలేదు అప్పటిదాకా.

ఆయన వాళ్ల నాన్న కాళ్ల దగ్గర పడి ఉన్న తెల్లటి తాడుని చూశారు. దాని వెంబడే చూపు గోల్ గీత దాకా వచ్చింది, మోకాళ్ల మీద టేపు చివర నొక్కిపట్టుకున్న నా చేతుల దాకా వచ్చింది, అక్కడ ఆగింది. రెండో గ్లవ్ కూడా విప్పి గడ్డి మీద పడేశారు.

జేబులోంచి ఫోన్ తీశారు. తెరవగానే కనిపించేది ఏ ఫోటోనో నాకు తెలుసు.